ఆయన మార్చిన సిస్టమ్

ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచిలో తువ్వాలు కుక్కుతూ ఆమె మళ్ళీ కేకేసింది. "కారు వచ్చి నిలబడింది. ఆ కంప్యూటర్ ముందు నుంచి లేస్తారా, లేవరా?"

"ఒక్క నిమిషం, ఇన్‌స్టాల్ అవుతోంది," అన్నాడు భర్త, తెర మీంచి చూపు తిప్పకుండా.

"రేపు గుండె ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడా మీ ప్రయోగాలు! నా డీటీపీ పనంతా దాని మీదే. అది చెడితే నేనేం తిని బతకాలి?"

తోడు వెళ్ళడానికి వచ్చిన తమ్ముడు తెరలోకి తొంగిచూసి పకపకా నవ్వాడు. "అక్కా, ఇటు చూడు! బావ తన లినక్స్ సిస్టమ్ పీకేసి, అందరూ వాడే సిస్టమే ఎక్కిస్తున్నాడు. ఏం బావా, అది ఉత్త డబ్బా అని నా పెళ్ళి రోజున కూడా నాతో పోట్లాడావు కదా?"

"ఇప్పుడూ డబ్బానే. అప్‌డేట్లంటూ ప్రాణం తోడేస్తుంది."

"మరెందుకండీ ఈ గోల?" ఆమె విసుక్కుంది. "నాకు పాతదే అలవాటు. అది మొరాయిస్తే మీరు చూస్తారుగా."

ఆయన మెల్లగా అన్నాడు. "పాతది నాకు తప్ప ఎవరికీ లొంగదే. ఇదైతే వీధి చివరి షాపువాడు కూడా బాగుచేస్తాడు."

జిప్పు లాగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. తమ్ముడి నవ్వూ ఆగిపోయింది.

"ఇంకో చొక్కా పెట్టడం మరిచిపోయాను," అందామె. "ఇంటికొచ్చే రోజు వేసుకోవడానికి."

ఆ చొక్కా మడత విప్పలేదు. ఆమె భర్త ఇంటికి తిరిగి రాలేదు. ఆ వారమే, శుక్రవారం పొద్దున ఆసుపత్రిలోనే పోయాడు.