గడపకు కట్టిన దారం

తనంత కొత్త తరం కుందేలు అడవిలో లేదనుకునే చెవులయ్య, బొరియ గుమ్మానికి సాలీడు చేత దారం కట్టించుకున్నాడు. ఎవరు గడప దాటినా దారం వణికేది. చెట్టు మీద గూట్లోంచి సాలీడు వెంటనే చెప్పేసేది.

"మీ ఆవిడ మేత తెచ్చింది. తమరింకా లేవలేదు."

"చూశావుటే దూదమ్మా, ఎంత తెలివో!"

"ఇంకెవరికి చెబుతోందో అడిగారా?"

"మన దగ్గర దాచడానికేముందే, నాలుగు గడ్డిపరకలు తప్ప?"

"పిల్లలున్నారు కదండీ."

చెవులయ్య చెవులు వాలిపోయాయి. దారం వెంటే నడిచి చెట్టు కిందికెళ్లి పైకి చూశాడు. నోరు తెరుచుకుపోయింది. అడవిలోని ప్రతి ఇంటి నుంచీ వచ్చిన దారాలు మంచుబొట్లతో మెరుస్తూ ఆకాశమంత చక్రమై పరుచుకున్నాయి. మధ్యలో గోరంత సాలీడు. అంత అందం అతనెన్నడూ చూడలేదు.

అంతలో చెట్టుకు అవతలి నుంచి నక్క గొంతు మర్యాదగా వినిపించింది. "సాలీడు గారూ, ఏ ఇంట్లో పిల్లలు ఒంటరిగా ఉన్నారండీ?"

"ఉండండి, చూసి చెబుతాను."

సాలీడు ఒక్కో దారాన్నీ కాలితో తడుముతూ కుందేలింటి దారం వైపు వస్తోంది. చెవులయ్య దాన్ని పటుక్కున కొరికేశాడు.

చక్రమంతా ఒక్కసారి వణికింది. మంచుబొట్లు అడవి మీద జల్లులా రాలాయి. ప్రతి బొరియలోంచీ ఒక తల బయటికొచ్చి, మొదటిసారి పైకి చూసింది.