పక్కింటి ఫ్రిజ్

స్కాలర్‌షిప్ ఇచ్చే పెద్దమనుషులు ఫోన్లో మా మనవరాలు కౌసర్ ముఖం చూస్తూ ప్రశ్నలడుగుతారన్నారు. అదేదో అయస్కాంతాలు తయారుచేసే చదువట! నాలుగేళ్లు చదవాలంటే వాళ్ల సాయమే దిక్కు.

పిల్ల వెనక బేతంచెర్ల బండలు కోసే మిషన్ల దుమ్ము పట్టిన మా గోడ కనిపిస్తే ఏమనుకుంటారోనని నాకు ఒకటే దిగులు. అందుకే పక్కింటి కృష్ణవేణమ్మ ఫ్రిజ్ మోయించుకొచ్చి గోడకు అడ్డం పెట్టించాను. నా తెలివి అలాంటిది మరి.

ఫోన్లో సారు మొదటి ప్రశ్నే అది. "అంత పెద్ద ఫ్రిజ్ ఉంది. పేదపిల్లల స్కాలర్‌షిప్ మీకెందుకమ్మా?"

కౌసర్ నన్ను కొరకొరా చూసింది.

అంతలో కృష్ణవేణమ్మ గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. "అయిపోయిందా అక్కా? నా ఫ్రిజ్ నాకియ్యి. దోసెపిండి పులిసిపోతాండాది!"

సారు పగలబడి నవ్వాడు. "సరే పాపా, ఆ ఫ్రిజ్ తలుపు ఎందుకు అతుక్కుంటుందో చెప్పు."

"దాని రబ్బరు అంచులో అయస్కాంతం పొడి కలిపింటారు సార్," అని మొదలుపెట్టిన పిల్ల, ఆయన చాలు చాలనేదాకా ఆపలేదు.

ఎంపికైందట. కాకపోతే మా పేదరికాన్ని కళ్లారా చూసి రాసుకుపోవడానికి సోమవారం ఒక ఆఫీసరు వస్తాడట.

"ఇంకేం దిగులక్కా నీకు?" అంది కృష్ణవేణమ్మ.

"మాకొక ఫ్యాను ఉండాది కదమ్మా," అన్నాను. "ఆయప్ప వచ్చిపోయేదాకా మీ ఇంట్లో దాచిపెట్టు."