పొడుగు స్క్రూలు

"తలుపు తియ్యవే" అంటూ అతను మళ్లీ తన్నాడు. ద్వారబంధం పైనుంచి సున్నం పెచ్చులూడి ఆమె నెత్తిన పడింది. గడియ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయింది.

ఆమె కూతుర్ని గది మూలకు నెట్టి, చిట్లిన పెదవిని అరచేత్తో అదుముకుంది. ఎప్పుడైనా సరే, రెండో తన్నుకే ఆ గడియ ఊడిపడేది. మర్నాడు అతనే ఈల వేసుకుంటూ తిరిగి బిగించేవాడు. "మన పని మనం చేసుకుంటే నాలుగు డబ్బులు మిగుల్తాయి" అనేవాడు.

"ఎవణ్ణి పిలిచి చేయించావు? డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?"

"ఎవర్నీ పిలవలేదండీ. పొద్దున నేనే బిగించాను. మీ పనిముట్ల డబ్బా అడుగున పొడుగు స్క్రూలు కనిపిస్తేనూ."

బయట అతని అడుగులు నాలుగు వెనక్కి జరిగాయి.

"అమ్మా" అంది కూతురు గొంతు తగ్గించి. "మరి నాన్న ఎప్పుడూ పొట్టివే వేసేవాడు కదా. పొడుగువి ఉన్నాయని తెలీదా?"

పొద్దుటినుంచీ ఆమెకు ఆ ప్రశ్నే తట్టలేదు.

"కొన్నది ఆయనేనమ్మా" అంది మెల్లగా.

అంతలో అతను ఒంట్లో బలమంతా కూడదీసుకుని తన్నాడు. ఫట్‌మని ఏదో విరిగింది. తలుపు చెక్కుచెదరలేదు.

"కాలు... నా కాలు విరిగిందే. డాక్టరుకి ఫోన్ చెయ్యి."

ఆమె గడియను ఒకసారి కదిపి చూసింది. గట్టిగానే ఉంది.

"డాక్టరెందుకండీ, డబ్బు దండగ" అంది. "మీ డబ్బా అక్కడే, గుమ్మం పక్కనే ఉంది."