కరెంటు పోయినా నిలిచే హద్దు

హిందూపురం క్లబ్బులో కరెంటు పోయింది.

బెంగళూరు కంపెనీ నుంచి ఇద్దరు వచ్చి, అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

క్రాంతి కుమార్ నుదురు తుడుచుకున్నాడు. రెండేళ్లు కష్టపడి అతను రాసిన సాఫ్ట్‌వేర్ చూడడానికే వాళ్లు వచ్చారు.

దాని పని ఒక్కటే. క్లబ్బులో నోట్లు చేతులు మారవు. పేకాటకు వచ్చే ప్రతి మెంబరుకూ ఒక కార్డు, ఒక ఖాతా ఉంటాయి. వారానికి ఇంతకు మించి ఆడనని మెంబరు తన హద్దు తనే రాయించుకుంటాడు. హద్దు అయిపోతే కంప్యూటర్ కార్డును ఆపేస్తుంది. ఇక టోకెన్లు ఇవ్వరు.

ధర్మవరం క్లబ్బులో మొదట పెట్టారు. తర్వాత హిందూపురంలో. పేటెంటుకు దరఖాస్తు కూడా వేశాడు. అది వస్తే కంపెనీ కొంటుంది. రాకపోతే పరిగి రోడ్డులో, అద్దె గదిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకోవాలి.

"కరెంటు ఇప్పుడే వస్తుంది సార్" అన్నాడు.

"ఏమప్పా, టోకెన్లియ్యి" అని కౌంటర్ దగ్గర ఒక ముసలి గొంతు వినిపించింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది. ఆ గొంతు చౌడప్పది. రొళ్ల నుంచి బస్సెక్కి వస్తాడు. ఈమధ్యే చేరాడు. హద్దు అయిపోయినా ఇంటికి కదలడు.

చీకట్లోనే క్లర్కు టోకెన్ల డబ్బా తెరిచి గుప్పెడు తీసి ఇచ్చాడు. కరెంటు లేనప్పుడు నోటిమాట మీద ఇచ్చి, వచ్చాక కంప్యూటర్లో ఎక్కించుకోవడం అక్కడి అలవాటు. సాయంత్రమైతే కోత తప్పని ఊరు. ఆట మాత్రం ఆగకూడదు.

"పెద్దాయనా, మీ హద్దు ఇంకా ఉందా?" కంపెనీ మనిషి అడిగాడు.

"నిన్ననే అయిపాయ సార్. కరెంటు పోతే ఎంతడిగినా ఇస్తారు."

వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. తెప్పించిన కాఫీ కూడా తాగకుండా లేచారు.

కారు వెళ్లిపోగానే క్రాంతి ముసలాయన చొక్కా పట్టుకున్నాడు.

"సిగ్గుండాదా తాతా? ఈ వయసులో ఈ పిచ్చేంది? నా కడుపు కొడ్తివి కదా."

"నీ కడుపు కొట్టల్లని కాదు నాయనా. ఆ దోవ మూసేయప్పా."

"ఏ దోవ?"

"కరెంటు పోతే తెరుచుకునే దోవ. కంప్యూటర్‌కు కాదు, ఆ టోకెన్ల డబ్బాకే బీగం ఎయ్యి. కరెంటు ఉన్నా లేకున్నా హద్దు ఎంతుండాదో ఆ డబ్బాకే తెలియల్ల. మనిషి చేతికి ఇడిస్తే ఇచ్చేస్తాడు."

"ఆ దోవలో పోయేది నువ్వొక్కడివే. నువ్వు రాకుంటే అదే మూసుకుంటాది."

చౌడప్ప టోకెన్లు బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు.

అతన్ని ఇక లోపలికి రానివ్వొద్దని క్రాంతి క్లర్కుకు గట్టిగా చెప్పాడు.

మర్నాడు ముసలాయన గేటు బయటే నిలబడి కనిపించాడు.

"మూసినావా?"

క్రాంతి తల తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన రాలేదు.

కానీ ఆ మాట పంటి కింద రాయిలా మిగిలింది. చివరికి క్రాంతి బ్యాటరీతో నడిచే డబ్బా ఒకటి చేయించాడు. ఎవరి హద్దులో ఎంత మిగిలిందో ఆ డబ్బాలోనే ఉంటుంది. కరెంటు పోయినా అది మరిచిపోదు. క్లర్కు లాగినా తెరుచుకోదు. రెండు క్లబ్బుల్లోనూ బిగించాడు.

కొన్నాళ్లకు చెన్నై నుంచి పేటెంటు వ్యవహారాలు చూసే ఝాన్సీ మేడం ఫోన్ చేసింది.

"అభ్యంతరం వచ్చింది క్రాంతిగారూ. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాంకు మన చట్టంలో పేటెంటు లేదు. వ్యాపార పద్ధతికీ లేదు, ఆట ఆడే పద్ధతికీ లేదు. మీది ఆ కోవలోకే వస్తుందన్నారు."

"అంటే పోయినట్టేనా మేడం?"

"ప్రోగ్రాం పోయినట్టే. కొత్తగా చేసిన డబ్బా నిలబడొచ్చు, అది యంత్రం కాబట్టి. దాని మీద వేరే దరఖాస్తు వేద్దాం. డబ్బాకే తాళం వేయాలన్న ఆలోచన మీదేనా? వేరేవాళ్లదైతే ఆవిష్కర్తగా వాళ్ల పేరూ రాయాలి."

క్రాంతికి గేటు బయట నిలబడిన ముసలాయన గుర్తొచ్చాడు. నాదేనంటే అడిగేవాళ్లు లేరు.

"ఇంకొకాయన ఉన్నాడు మేడం" అన్నాడు. "పేకాట పిచ్చోడు."

రొళ్లలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి చౌడప్ప భార్య గంగులమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"తాత ఉండాడా అవ్వా? హిందూపురం క్లబ్బు నుంచి వచ్చినా."

"పోయి నెలాయ నాయనా. గుండె ఆగిపాయ." ఆమె తలెత్తి చూసింది. "కరెంటు పోతే ఇస్తారంట కదా, అది మూసినారా?"

"మూసినాం అవ్వా. హిందూపురంలోనూ, ధర్మవరంలోనూ."

"ధర్మవరంలో గూడానా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. క్రాంతి అరుగు మీద కూర్చున్నాడు.

"తాత ఆట పిచ్చి నాకు మేలే చేసింది. ఆయన పేరు చెన్నైలో రాయిస్తాండా."

"ఆటేంది నాయనా? ఆయప్పకు ముక్కల్లో రాజేదో రాణేదో తెలీదు. మా కొడుకు రమేషు తన హద్దు తనే రాయించుకొని, ఇంక మెషినే నన్ను ఆపుతాదిమా అని నాతో చెప్పినాడు. ధర్మవరంలో కరెంటు పోయినప్పుడంతా ఆడి, ఉన్నదంతా పోగొట్టుకొని రైలు కింద పడినాడు. ఆ క్లబ్బోళ్లను అడిగితే, మెషిన్ సరిగానే ఉండాది, మీ పిల్లోడే సరిలేడన్నారంట."

ఆమె మళ్లీ చింతపండు చేతికి తీసుకుంది.

"అందుకే, కొడుకు యా దోవన పోయినాడో మీకు చూపియ్యల్లని ఆ తండ్రి పేకాట బల్ల కాడ కూర్చున్నాడు."