విల్ఫ్ పతకం

మా ఓల్డ్‌హాం బడిలో ఏడాదంతా మానకుండా వచ్చినవాడికి హాజరు పతకమిస్తారు. మా వీధివాళ్లకు దానిముందు చక్రవర్తి కిరీటం కూడా దిగదుడుపే.

నవంబరులో డాక్టరమ్మ గొంతు పూడ్చే డిఫ్తీరియా రాకుండా సూదులు వేయడానికొచ్చింది.

"జ్వరమొస్తుందా అమ్మగారూ?" అంది విల్ఫ్ తల్లి ఎడ్నా.

"రావచ్చు. ఒకరోజు ఇంట్లో పడుకోబెట్టు."

"అమ్మో! మూడేళ్లుగా ఒక్కరోజూ మానలేదు మావాడు. దీనికి వేయండి, ఇదెలాగూ మానుతుంది," అంటూ కూతుర్ని ముందుకు తోసింది.

"ఏడుపుగొట్టుదానా, నీకు పతకం రాదుగా!" అని విల్ఫ్ చెల్లెల్ని వెక్కిరించాడు.

జనవరి సభలో హెడ్మాస్టరు విల్ఫ్ పేరు చదివాడు. "ఈ ఏడూ ఒక్కరోజూ మానలేదు!"

మేమంతా లేచి నిలబడ్డాం. చెల్లెలు వెళ్లి పతకం అందుకుంది.

విల్ఫ్ గొంతు పూడుకుపోయి చనిపోయింది క్రిస్మస్ సెలవుల్లో. హాజరు చెడలేదు.