ముట్టుకోవద్దు

"చేతులు కడుక్కున్నవా అమ్మా?" అని అడిగాడు భానుప్రసాద్.

కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని వచ్చింది హర్షిణి.

నిజామాబాద్‌లో ఆ పాత దస్తావేజుల గదికి ఆయనే అధికారి, ఆయనే అటెండరు. ఆ రోజు కాలేజీ నుంచి హర్షిణి క్లాసంతా ఈ పనికి రావాల్సింది. మిగతావాళ్ళు సినిమాకు పోయారు. తనను పిలవలేదు. హాస్టల్లో చేరినప్పటి నుంచీ అంతే.

ఆయన ఒక కట్ట విప్పి ఆమె ముందు పెట్టాడు.

"డెబ్బై ఏండ్ల కిందటి అర్జీలు. బ్రష్షుతోని దుమ్ము తియ్యి. అంచులు పట్టుకొనే తిప్పు. అప్పడం లెక్క ఇరుగుతయ్."

"సరే సార్."

"నేను జిరాక్సులకు పోయొస్త. నువ్వే చూసుకోవాలె."

ఈ ఊళ్ళో ఆమెను నమ్మి ఒకరు ఒక పని అప్పజెప్పడం అదే మొదలు. ఊపిరి బిగబట్టి దుమ్ము తీయసాగింది.

అంతలో ఒక ముసలామె లోపలికి వచ్చింది. గోచి పోసి కట్టిన చీర, చంకలో బట్ట సంచి. అలవాటున్న మనిషిలా వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"సారు లేడా బిడ్డా?"

"వస్తరు."

"నేను రుక్మాబాయిని. బోధన్ నుంచి వచ్చిన. నీదే ఊరు?"

"చందూర్."

"ఈడ ఒక్కదానివే ఉంటవా?"

హర్షిణి చేతిలో బ్రష్షు ఆగింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అయినా తలెత్తలేదు.

"పని చేసుకుంటున్న అవ్వా."

రుక్మాబాయి కాగితాల మీదికి వంగి, కళ్ళు చికిలించి వెతికి, ఒక అర్జీ దగ్గర ఆగింది.

బోధన్ చెరుకు పొలాల్లో కూలికి పోయే ఆడవాళ్ళు తాగునీళ్ళ బావి కోసం పెట్టుకున్న అర్జీ అది. పేర్ల పక్కన సంతకాల చోట అన్నీ వేలిముద్రలే.

వాటిలో ఒకదాని మీద ఆమె తన బొటనవేలు మెల్లగా ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"ముట్టుకోవద్దవ్వా. ఖరాబైతది." హర్షిణి ఆమె చెయ్యి పట్టి పక్కకు జరిపింది.

"నిజమే బిడ్డా. ఖరాబైతది."

రుక్మాబాయి లేచి, సంచి చంకన పెట్టుకుంది.

"నాకు కండ్లు మసకలైనయ్. నాందేడ్ల మా అక్క కొడుకు కాడికి పోతున్న. మల్ల రానని సారుకు చెప్పు."

ఆమె వెళ్ళిపోయాక గది మరీ పెద్దదిగా అనిపించింది.

భానుప్రసాద్ వస్తూనే అడిగాడు.

"రుక్మాబాయి రాలేదా?"

"వచ్చి పోయింది సార్. మల్ల రానని చెప్పమన్నది. అర్జీ ముట్టుకుంటుంటే నేనే వద్దన్న."

ఆయన చేతిలోని జిరాక్సులు బల్ల మీద పెట్టేశాడు.

"ఉరుకమ్మా. రోడ్డు మీదనే ఉంటదేమో."

హర్షిణి పరుగెత్తింది. ఆటోలు, పసుపు బస్తాల లారీలు, బండ్ల మీద పోయే జనం. ఆ చీర ఎక్కడా కనబడలేదు.

తిరిగి వచ్చేసరికి భానుప్రసాద్ అర్జీ ముందు కూర్చుని ఉన్నాడు.

"పాలు తాగే వయసులనే తల్లి పోయిందట. మొఖం గుర్తు లేదు, ఫోటో లేదు. ఊరూరు తిరిగి, ఆఖరికి ఈడ దొరికింది" అన్నాడు.

"ఏం దొరికింది సార్?"

"ఆ ఏలిముద్ర. వాళ్ళమ్మది."