శిరివెళ్ల కాడ ఆగిన బస్సు

నంద్యాల పోస్టాఫీసులో ఇచ్చిన రిజిస్టరు రసీదును శాంతయ్య జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆళ్లగడ్డ బస్సెక్కాక కూడా ఆయన సంతోషం ఒకచోట నిలవలేదు.

"మా పాప మెడిసిన్‌కు అప్లికేషన్ పెట్టిందప్పా. ఇప్పుడే పోస్టులో యేసొస్తాండాం," అన్నాడు పక్క సీటాయనతో.

కాసేపటికి ముందు సీటాయనతోనూ అన్నాడు.

"ఊరుకో నాయనా," అంది దెబోరా సిగ్గుపడుతూ.

అది 1978 జూన్ నెల. దెబోరాకు పదిహేడేళ్లు. ఇంటర్‌లో కాలేజీకే ఫస్టు. శాంతయ్య ఆళ్లగడ్డలో చిన్న బడి అయ్యవారు. వాళ్ల వంశంలో డాక్టరు మాట అటుంచి, కాంపౌండరు కూడా లేడు.

శిరివెళ్ల దగ్గరకొస్తుండగా వెనక సీట్లోంచి ఒకామె కేక పెట్టింది.

నిండు చూలాలు. వెంట మొగుడు తప్ప ఇంకెవరూ లేరు.

రోడ్డంతా గుంతలు. డ్రైవరు బస్సును చెట్టు కింద ఆపేశాడు. శాంతయ్యతో సహా మగవాళ్లంతా దిగిపోయారు.

"డాక్టరు చదివే పిల్ల ఉంది గదా. ఆ పాపను పిలవండి," అంది ఒకామె.

అందరూ దెబోరా వైపు చూశారు.

దెబోరా లేచి వెనక్కి వెళ్లింది. నొప్పులు పడుతున్న ఆమె చెయ్యి చాచి దెబోరా మణికట్టు పట్టుకుంది.

"నన్ను ఇడిసిపెట్టొద్దు తల్లీ."

దెబోరా కింద రక్తం చూసింది. కళ్లు తిరిగాయి.

"నాకేం తెలీదు. నేనింకా చదవలేదు."

చెయ్యి విదిలించుకుని వచ్చి తన సీట్లో కూలబడింది.

అప్పుడు కిటికీ పక్కన మూట ఒళ్లో పెట్టుకున్న ముసలామె లేచింది. అప్పటిదాకా ఆమె బస్సులో ఉన్నట్టే ఎవరూ గమనించలేదు.

"జరగండి. నేను చూస్తా."

"మంత్రసానివా అవ్వా?"

ఆమె మూట సీటు మీద పెట్టి వెనక్కి నడిచింది.

"చీరలు అడ్డం పట్టుకోండి. బేగా," అంది.

దెబోరా తల దించుకుని కూర్చుంది. ఆ మూలుగులు, ముసలామె సముదాయింపులు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఎంతసేపటికో పసిబిడ్డ ఏడ్చింది.

తల్లీ బిడ్డా బతికారు. డ్రైవరు బస్సును నేరుగా ఆళ్లగడ్డ ఆసుపత్రికే తోలాడు.

ఆసుపత్రి కొళాయి దగ్గర ముసలామె చేతులు కడుక్కుంటుంటే దెబోరా వెళ్లి పక్కన నిలబడింది.

"నీది యా ఊరవ్వా?"

"దొర్నిపాడు. లాల్‌బీ అంటారు."

"నా చేత కాలేదవ్వా."

"ఈ తూరి కాలేదు. ఇంగో తూరి అయితాది బిడ్డా," అంది లాల్‌బీ. మూటెత్తుకుని వెళ్లిపోయింది.

చిన్నపిల్లను ఊరడించడానికి అన్న మాట అనుకుంది దెబోరా. ఇలాంటి పనికి మనుషులు వేరే పుడతారు, తను అలా పుట్టలేదు అనుకుంది.

నెలకు మెడిసిన్ ప్రవేశ పరీక్ష హాల్‌టికెట్ వచ్చింది.

"నేను పోను నాయనా. నంద్యాలలో బీఎస్సీ బాటనీ చదువుతా."

"ఏందమ్మా ఇది? అప్లికేషన్ పంపినాకనా?"

"నాకు రాదు నాయనా."

"ఏంది రానిది?"

దెబోరా హాల్‌టికెట్‌ను మడిచి పుస్తకంలో పెట్టేసింది. శాంతయ్య మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు మాత్రం, 'మా పాపను డాక్టరును చెయ్యి ప్రభువా' అని ఏళ్ల తరబడి అలవాటైన మాట దగ్గరకొచ్చి ఆగిపోయేవాడు.

బీఎస్సీ అయింది. బీఈడీ అయింది. దెబోరా నంద్యాలలో సైన్సు టీచరైంది. బాగా చెబుతుందని పేరు కూడా వచ్చింది.

కానీ బోర్డు మీద రాస్తూ రాస్తూ ఒక్కోసారి ఆగిపోయేది. మణికట్టును ఎవరో పట్టుకున్నట్టుండేది. చర్చిలో పసిబిడ్డ ఏడిస్తే లేచి బయటికి వచ్చేసేది. బస్సులో శిరివెళ్ల వస్తోందంటే కళ్లు మూసుకునేది. ఆ చెయ్యి ఎవరిదో, ఆ తల్లి పేరేమిటో కూడా ఆమెకు తెలియదు.

1988లో పదో తరగతి పరీక్షల డ్యూటీ దొర్నిపాడులో పడింది.

మొదటి రోజు పరీక్ష కాగానే బడి బయట ఒకాయన్ను అడిగింది.

"మంత్రసాని లాల్‌బీ ఇల్లు యాడన్నా?"

"మంత్రసానా? అట్లాంటామె ఎవురూ లేదమ్మా. బొంతలు కుట్టే లాల్‌బీ అయితే ఉండె. దస్తగిరి వాళ్లమ్మ."

ఆయన చూపించిన ఇంటి ముందు ఒకామె పాత చీరలు పరిచి బొంత కుడుతోంది. లాల్‌బీ కోడలు ఫాతిమున్నీసా.

"మా అత్త పోయిన రంజానుకు ముందే పోయిందమ్మా. మీరెవురు?"

దెబోరా అక్కడే కూర్చుండిపోయింది. బస్సు సంగతి చెప్పింది. తను చెయ్యి విదిలించుకున్న సంగతీ చెప్పింది. పదేళ్లలో ఆ మాట తండ్రికి కూడా చెప్పలేదు.

"ఎన్ని కాన్పులు చేసిన చేతులో ఆయమ్మవి. ఆ ధైర్యం నాకు యాడ నుంచి వస్తాది," అంది.

ఫాతిమున్నీసా కుట్టడం ఆపి ఆమె వైపు చూసింది.

"మా అత్త చేసింది ఆ ఒక్క కాన్పేనమ్మా."

దెబోరాకు అర్థం కాలేదు.

"అంతకు రెండేండ్ల ముందు సొంత కూతురు లోపల నొప్పులు పడతా 'అమ్మీ, నా దగ్గరికి రా' అని పిలుస్తాంటే, నెత్తురు చూసి బయపడి, ఆ పిల్ల పానం పోయేదాకా వాకిలి బయటనే నిలబడిపోయిన మనిషి ఆమె."